సబ్బు బిళ్లల లెక్కకు అందని అశాంతి

హైదరాబాద్ పాతబస్తీకి దక్షిణాన ఉన్న బార్కాస్ పేరు చెప్పగానే చాలామందికి జామపండ్లు, అరబ్బు వంటకాలు గుర్తుకు వస్తాయి. ఆ పేరు వెనుక ఒక వలస గాథ ఉంది. యెమన్‌లోని హజ్రమౌత్ ప్రాంతం నుంచి వచ్చి నిజాం సైన్యంలో చేరిన అరబ్బుల నివాసాలు అక్కడ ఉండేవి. ‘బ్యారక్స్’ అన్న మాటే జనం నోట నలిగి ‘బార్కాస్’ అయింది. నాడు పరదేశులుగా వచ్చినవారు నేడు ఈ నగరపు సొంత బిడ్డలు. వారి ఉర్దూలో అరబ్బీ యాస ఎవరికీ పరాయిగా తోచదు.

ఆ బార్కాస్‌కు చేరువలోనే, బాలాపూర్, షాహీన్‌నగర్, హఫీజ్ బాబానగర్ పరిసరాలలో, మరొక వలస సమూహం బతుకుతోంది. వారు రొహింగ్యాలు. వెదురు బొంగులు, తాటిపత్రి పట్టాలు, పాత ఫ్లెక్సీలతో అల్లిన గుడిసెలలో కొన్ని వేలమంది కాలం గడుపుతున్నారు. ఆ గుడిసెలున్న నేల వారిది కాదు. ప్రైవేటు యజమానికి నెలనెలా అద్దె కట్టవలసిందే. మగవారిలో అనేకులు చెత్త ఏరుతూ, దినకూలీకి పోతూ కుటుంబాలను పోషిస్తున్నారు.

1982లో మయన్మార్‌లోని నే విన్ ప్రభుత్వం తెచ్చిన పౌరసత్వ చట్టం ఈ జాతిని స్వదేశంలోనే పరాయివారిని చేసింది. 2012లో రఖైన్ రాష్ట్రంలో చెలరేగిన హింస వేలాది కుటుంబాలను ఇళ్ల నుంచి తరిమింది. 2017 ఆగస్టు 25 తర్వాత సైన్యం సాగించిన దమనకాండకు ఏడు లక్షలకు పైగా ప్రజలు నాఫ్ నదిని, కొండలను దాటి బంగ్లాదేశ్‌కు పరుగెత్తారు. అంతకు ముందు నుంచే కొందరు భారతదేశానికి చేరి జమ్మూ, ఢిల్లీ, మేవాత్, హైదరాబాద్ ప్రాంతాలలో తలదాచుకున్నారు. దేశంలో సుమారు 40,000 మంది రొహింగ్యాలు ఉన్నారని 2017లో కేంద్ర ప్రభుత్వమే పార్లమెంటుకు తెలిపింది.

వారికి ఎవరూ ఏమీ చేయలేదని అనడం అన్యాయమవుతుంది. ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ, దాని భాగస్వామ్య స్వచ్ఛంద సంస్థలు, స్థానిక మస్జిద్ కమిటీలు, పేరు చెప్పుకోని ఎందరో దాతలు ఏళ్ల తరబడి చేయూతనిస్తున్నారు. గుర్తింపు కార్డులు, బడి, వైద్యం, రేషన్, పరిశుభ్రతా సామగ్రి, మనోధైర్యానికి సలహాలు - ఏదో ఒక మేరకు అందుతూనే ఉన్నాయి. ఈ సంచికలో మేము ముందుంచదలచిన ప్రశ్న వేరు. అందించిన సాయం వారి దేహానికీ మనసుకూ ఎంత మేలు చేసిందో మనం ఏ కొలబద్దతో కొలుస్తున్నాం? ఆ కొలబద్ద ఎవరి చేతిలో ఉంది?

బిందెడు నీళ్ల లెక్క

విపత్తులలో, వలసలలో మనిషికి కనీసంగా ఏమి అందాలన్న విషయంలో అంతర్జాతీయ సహాయ సంస్థలు ‘స్ఫియర్’ ప్రమాణాలను పాటిస్తాయి. తాగడానికి, వంటకు, ఒంటి శుభ్రతకు కలిపి మనిషికి రోజుకు కనీసం 15 లీటర్ల నీరు అందాలి. 20 మందికి ఒక మరుగుదొడ్డి ఉండాలి. దానికి లోపలి నుంచి గడియ వేసుకునే వీలు ఉండాలి. మనిషికి నెలకు స్నానపు సబ్బు 250 గ్రాములు, బట్టల సబ్బు 200 గ్రాములు కావాలి.

ఈ ప్రమాణాలను ఒక బస్తీకి అన్వయించి చూద్దాం. అరవై కుటుంబాలు, కుటుంబానికి ఆరుగురు చొప్పున 360 మంది ఉన్నారనుకుందాం. వారికి రోజుకు 5,400 లీటర్ల నీరు, 18 మరుగుదొడ్లు కావాలి. అయిదు వేల లీటర్ల ట్యాంకరు ప్రతి దినమూ తప్పక వచ్చినా ఇంకా 400 లీటర్లు తక్కువే. ఒక కుటుంబానికి నెలకు రెండు కిలోల ఏడు వందల గ్రాముల సబ్బు కావాలి. ఏడాదికి ఒకటి రెండుసార్లు ఒక సంచిలో నాలుగు సబ్బు బిళ్లలు, ఒక టూత్‌పేస్టు, ఒక ప్యాకెట్ శానిటరీ న్యాప్కిన్లు పెట్టి ఇస్తే, ఆ సంచిని అందుకున్న ముఖంలో సంతోషం నిజమే. అయితే ఆ సంతోషం ఎన్ని వారాలు నిలిచిందో ఎవరు చూశారు?

శిబిరంలోని శరణార్థికీ నగరంలోని శరణార్థికీ ఒక ముఖ్యమైన తేడా ఉంది. కాక్స్ బజార్ లాంటి చోట నీటి కుళాయి, మరుగుదొడ్డి, చెత్త కుండీ ఎవరి బాధ్యతో కాగితం మీద రాసి ఉంటుంది. నగరంలో అలా కాదు. స్థలం ప్రైవేటు వ్యక్తిది కనుక పురపాలక సంస్థ శాశ్వత నిర్మాణానికి ముందుకు రాదు. గుడిసెవాసులు ఎప్పుడు వెళ్లిపోతారో తెలియదు కనుక యజమాని మురుగు కాలువకు డబ్బు పెట్టడు. రేపు ఖాళీ చేయమంటారేమోనన్న భయంతో శరణార్థి కూడా గట్టిగా అడగడు. ఈ బస్తీలలో కొన్ని హైదరాబాద్ జిల్లాలోకి, కొన్ని రంగారెడ్డి జిల్లాలోకి వస్తాయి. ఒక కార్యాలయానికి వెళితే మరొక కార్యాలయం పేరు చెప్పడానికి ఇంతకన్నా మంచి సాకు ఏముంటుంది?

2020 అక్టోబరు వరదలను పాతబస్తీ మరచిపోలేదు. బాలాపూర్ వద్ద గుర్రం చెరువు కట్ట తెగి హఫీజ్ బాబానగర్ వీధులలోకి నీరు దూకింది. సిమెంటు ఇళ్లలో ఉన్నవారే మేడల మీదికి ఎక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. ఇక పట్టా గుడిసెలో ఉన్నవారి సంగతి చెప్పనక్కరలేదు. మురుగునీరు, మరుగునీరు, తాగునీరు ఒక్కటైపోయిన చోట అతిసారం, కామెర్లు, చర్మవ్యాధులు ఇంటి చుట్టాలవుతాయి.

స్త్రీల బాధ దీనికి మరొక మెట్టు పైన ఉంటుంది. మరుగుదొడ్డి దూరంగా ఉంటే, దారిలో దీపం లేకపోతే, తలుపుకు గడియ లేకపోతే, చీకటి పడ్డాక వెళ్లవలసి వస్తుందని ఆడవాళ్లు మధ్యాహ్నం నుంచే నీళ్లు తాగడం తగ్గిస్తారు. నెలసరి గుడ్డలను ఉతికి ఎండలో ఆరవేయడానికి చోటు లేక గుడిసె లోపలి చీకటిలో, తడి ఆరకుండానే దాచుకుంటారు. ఇందులో మన పాఠకులకు వెంటనే అర్థమయ్యే మరొక కోణం ఉంది. నెలసరి ముగిశాక, ప్రసవానంతరం రక్తస్రావం ఆగాక, గుస్ల్ చేయనిదే నమాజుకు నిలవలేమని భావించే స్త్రీకి చాటు లేని చోట ఒక బకెట్ నీటితో స్నానం ఎలా? నీరు దొరకనప్పుడు తయమ్ముమ్‌కు షరీఅత్ వెసులుబాటు ఇచ్చింది. ఆ సంగతిని ఓపికగా వివరించేవారు లేక తాను అశుద్ధంగా ఉన్నానన్న భావంతో నమాజుకు, పొరుగువారి కలయికకు దూరమైపోయే స్త్రీ గుండెలో ఏర్పడే బరువును ఏ పరిశుభ్రతా నివేదిక నమోదు చేస్తుంది? నీళ్ల కరవు మనోవేదనగా మారేది ఇలాగే. నీటి పథకాన్ని ఒక దస్త్రంలోనూ, మానసిక ఆరోగ్యాన్ని మరొక దస్త్రంలోనూ పెట్టి రెండింటికీ వేర్వేరుగా మార్కులు వేసే పద్ధతి అందుకే తప్పుదారి పట్టిస్తుంది.

మాటకు లొంగని బాధ

యుద్ధాలు, సంఘర్షణలు అనుభవించిన ప్రజలలో దాదాపు ప్రతి అయిదుగురిలో ఒకరు ఏదో ఒక మానసిక రుగ్మతతో బాధపడుతున్నారని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. దిగులు, ఆందోళన, పీడకలలు, ఉలికిపాటు, వీటిలో ముఖ్యమైనవి. ఇళ్లు తగలబడడం, అయినవారు కళ్లెదుటే హతులు కావడం చూసినవారికి ఈ లక్షణాలు ఉండడంలో ఆశ్చర్యం లేదు.

అయితే ఈ వేదన అంతా గతానిదే అనుకోవడం పొరపాటు. మరచిపోవలసిన గతం ఒకటైతే, తెల్లవారితే ఏమవుతుందో తెలియని వర్తమానం మరొకటి. 2017 ఆగస్టులో రొహింగ్యాలను గుర్తించి వెనక్కు పంపే ప్రక్రియ చేపట్టాలని కేంద్ర హోంశాఖ రాష్ట్రాలకు లేఖ రాసింది. 2025 మే నెలలో ఢిల్లీలో పట్టుబడిన కొందరిని నౌకలో తీసుకువెళ్లి మయన్మార్ తీరానికి సమీపంలో సముద్రంలో దించారన్న ఆరోపణలు వెలువడ్డాయి. వాటిపై ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల నిపుణుడు విచారణ మొదలుపెట్టారు. ఇలాంటి వార్త ఒకటి సెల్‌ఫోన్‌లో చేరిన రాత్రి బాలాపూర్ గుడిసెలలో ఎందరికి నిద్ర పడుతుంది? గాయం మానకముందే దాని మీద మళ్లీ దెబ్బ పడుతుంటే, వారానికొక సలహా సమావేశం ఆ గాయాన్ని ఎంతవరకు మాన్పగలదు?

భాష మరొక గోడ. రొహింగ్యా భాష చిట్టగాంగ్ ప్రాంతపు మాటకు దగ్గరిది. ‘డిప్రెషన్’ వంటి వైద్యపు మాటలకు అందులో సరిసమానమైన పదాలు లేవు. బాధను చెప్పుకోవడానికి వారు వాడే పదాలలో ఒకటి మన ‘అశాంతి’కి తోబుట్టువే. మనసులో అశాంతిగా ఉందంటారు, ఒళ్లంతా మంటగా ఉందంటారు, తలలో ఏదో తిరుగుతోందంటారు. ఒళ్లు మంట అన్న మాటను అక్షరాలా తీసుకుని జ్వరం మాత్ర ఇచ్చి పంపితే డాక్టరు తప్పేమీ లేనట్లే కనిపిస్తుంది. పిచ్చి అన్న ముద్ర పడుతుందన్న భయంతో రోగి కూడా అంతకు మించి నోరు విప్పడు. ఉర్దూ వచ్చిన ఇంటి మగవాడు దుబాసీగా కూర్చున్నప్పుడు భార్య ఏమి చెప్పుకోగలదు? ఆమె బాధకు కారణం ఆ ఇంట్లోనే ఉంటే?

మనోవేదనను విశ్వాస లోపంగా చూసే అలవాటు మన సమాజంలోనూ ఉంది. కుమారుడు యూసుఫ్ (అ) ఎడబాటుతో విలపించి హజ్రత్ యాఖూబ్ (అ) కళ్లు తెల్లబడ్డాయని దివ్య ఖుర్‌ఆన్ తెలుపుతోంది. ఆ దుఃఖాన్ని ఎవరైనా విశ్వాస లోపమనగలరా? హజ్రత్ ఖదీజా (ర), అబూతాలిబ్ మరణించిన సంవత్సరాన్ని దైవప్రవక్త (స) జీవిత చరిత్రలో దుఃఖ సంవత్సరంగానే పిలుస్తారు. పసిబిడ్డ ఇబ్రాహీం కన్నుమూసినప్పుడు ఆయన (స) కంట నీరు కారింది. దుఃఖించే హక్కును ధర్మం గుర్తించింది. దుఃఖితునికి చికిత్స అందించే బాధ్యతను సమాజం గుర్తించవలసి ఉంది.

కొలబద్ద ఎవరి చేతిలో?

సహాయ కార్యక్రమాల వార్షిక నివేదికలలో సాధారణంగా కనిపించే అంకెలు మనకు తెలిసినవే. ఇన్ని కిట్లు పంచాం, ఇన్ని అవగాహన సదస్సులు జరిపాం, ఇంతమందికి కౌన్సెలింగ్ ఇచ్చాం. ఇవన్నీ చేసిన పని లెక్కలు. జరిగిన మేలు లెక్క వేరు. వంద మందికి సలహా ఇచ్చామన్న అంకెలో ఒక్కసారి వచ్చి మళ్లీ రానివారు ఎందరు, అసలు గుమ్మం దాటి రాలేకపోయినవారు ఎందరు అన్నది కనిపించదు. ఎక్కువ బాధలో ఉన్నవారే తక్కువగా కనిపిస్తారు.

మేలును కొలవాలంటే ప్రశ్నలు మారాలి. రాత్రి మరుగుదొడ్డికి వెళ్లడానికి భయం తగ్గిందా? గత నెలలో ఎన్ని రోజులు సబ్బు లేకుండా గడిచింది? పిల్లలకు విరేచనాలు నిరుటి వానకాలం కంటే తగ్గాయా? రాత్రి ఎన్ని గంటలు నిద్ర పడుతోంది? పొయ్యి వెలిగించి పిల్లలకు వండిపెట్టే ఓపిక వచ్చిందా? కూలికి వెళ్లగలుగుతున్నారా? బాధ కలిగితే చెప్పుకోవడానికి నమ్మకమైన మనిషి ఒకరైనా ఉన్నారా? వీటిని సాయం మొదలుపెట్టేముందు ఒకసారి, ఆరు నెలలకు ఒకసారి, ఎండాకాలంలో ఒకసారి, వానల్లో ఒకసారి అడిగితేనే మార్పు తెలుస్తుంది.

ఎవరు అడుగుతున్నారన్నది అంతకన్నా ముఖ్యం. రేషన్ సంచి ఇచ్చిన చేతితోనే ప్రశ్నాపత్రం పట్టుకుని ‘మా సాయం ఎలా ఉంది’ అని అడిగితే ‘అంతా బాగుంది సాబ్’ అన్న జవాబు తప్ప మరొకటి రాదు. ఆ జవాబులో అబద్ధమాడిన దోషం శరణార్థిది కాదు, అలా అడిగినవారిది. స్త్రీలను స్త్రీలే, వారి భాషలోనే, ఇంటి మగవారు లేని చోట అడగాలి. ప్రశ్నలు తయారుచేసేటప్పుడే బస్తీలోని తల్లులను, ఇమామును, చెత్త ఏరే యువకులను కూర్చోబెట్టుకోవాలి. తేలిన సంగతులను దాతకు పంపి ఊరుకోకుండా బస్తీకి తిరిగి వచ్చి వినిపించాలి. ‘మీరు గడియలు కావాలన్నారు, పెట్టించాం. దీపం కావాలన్నారు, ఇంకా పెట్టించలేకపోయాం’ అని చెప్పగల నిజాయతీయే అసలైన మూల్యాంకనం.

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పదు. జాబితా అన్న మాటకే వణికే సమాజమిది. స్వదేశంలో ఇంటింటి లెక్కలు వారిని పౌరసత్వం నుంచి తొలగించడానికే ఉపయోగపడ్డాయి. ఇక్కడ కూడా పేర్లు రాసుకునేవాడు ఎవరైనా పోలీసుల మనిషేమోనన్న అనుమానం సహజం. అటువంటి చోట మంచి ఉద్దేశంతో చేసే సర్వే సైతం కొత్త భయానికి కారణం కావచ్చు. అందువల్ల అవసరం లేని వివరం అడగరాదు. పేరు, కార్డు సంఖ్య, ఫొటో లేకుండానే చాలా ప్రశ్నలకు జవాబులు రాబట్టవచ్చు. జవాబు చెప్పకపోయినా సాయం ఆగదని ముందే స్పష్టం చేయాలి. ఒకరి మనోవ్యాధి వివరాలు మస్జిద్ కమిటీ వాట్సాప్ గ్రూపులో తిరగడం సేవ కాదు, అమానత్‌లో ఖియానత్.

చట్టం ఏమంటోంది?

‘మన పాతబస్తీ పేదలకే మంచినీళ్లు సరిగా రావడం లేదు, పరాయివారి సంగతి మనకెందుకు?’ అని అడిగేవారున్నారు. ఈ ప్రశ్నను ఎగతాళి చేయరాదు. అందులో నిజమైన బాధ ఉంది. కానీ జవాబు కూడా అక్కడే ఉంది. బస్తీ అంచున వేసే కుళాయి, కాలువ, వీధి దీపం కార్డు చూసి పనిచేయవు. పక్కింటి స్థానిక పేదకు, గుడిసెలోని శరణార్థికి అవి ఒకే విధంగా ఉపయోగపడతాయి. కలుషిత నీటిలోని క్రిమి కూడా జాతీయత అడగదు. ఇద్దరు పేదలను ఒకరి మీదికి ఒకరిని ఉసిగొల్పడం ఇద్దరికీ నీళ్లివ్వనివారికే లాభం.

భారతదేశం 1951 నాటి శరణార్థుల ఒడంబడికపై సంతకం చేయలేదు. దేశంలో శరణార్థులకు ప్రత్యేక చట్టమూ లేదు. 2025లో అమల్లోకి వచ్చిన వలస, విదేశీయుల చట్టం కూడా ఆ లోటును తీర్చలేదు. అయినా రాజ్యాంగం మౌనంగా లేదు. సమానత్వం గురించిన 14వ అధికరణం, ప్రాణ రక్షణ గురించిన 21వ అధికరణం పౌరులకే పరిమితం కావు, ఈ నేల మీద ఉన్న ప్రతి వ్యక్తికీ వర్తిస్తాయి. అరుణాచల్ ప్రదేశ్‌లోని చక్మాల కేసులో 1996లో సుప్రీంకోర్టు ఈ మాటనే గట్టిగా చెప్పింది. జమ్మూ రొహింగ్యాల కేసులో 2021 ఏప్రిల్ 8న ఇచ్చిన ఉత్తర్వులోనూ ఈ రెండు అధికరణాలు అందరికీ వర్తిస్తాయని అంగీకరించింది. దేశం నుంచి పంపివేయబడకుండా ఉండే హక్కు మాత్రం పౌరుల నివాస హక్కుతో ముడిపడినదని, చట్టప్రకార ప్రక్రియ పాటించకుండా వారిని పంపరాదని పేర్కొంది. ఆ ఉత్తర్వు మనకు నిరాశ కలిగించిన మాట నిజం. దానిని ఉన్నదానికన్నా మెరుగైనదిగా చెప్పుకొని మనల్ని మనం మభ్యపెట్టుకోరాదు. అయితే ఉన్నంతకాలం ప్రాణంతో, గౌరవంతో ఉండే హక్కును అది తీసివేయలేదు.

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 మరింత స్పష్టంగా ఉంది. ప్రభుత్వ మానసిక వైద్య సేవలు పొందే హక్కును 18వ సెక్షన్ ‘ప్రతి వ్యక్తికీ’ ఇచ్చింది. మతం, సంస్కృతి, వర్గం వంటి ఏ కారణంతోనూ వివక్ష కూడదంది. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి కార్డు ఉన్నా లేకున్నా, నిరాశ్రయులకు, దిక్కులేనివారికి ఉచిత చికిత్స అందించాలంది. కాబట్టి ఆధార్ లేదన్న కారణంతో ఒక రొహింగ్యా రోగిని ఓపీ చీటీ దగ్గరే వెనక్కు పంపితే అది చట్టానికి విరుద్ధం. ఈ సెక్షన్ సంఖ్యను మన కార్యకర్తలు కంఠతా పట్టాలి.

హక్కు కాగితం మీద ఉంటే చాలదు. ప్రభుత్వ మానసిక వైద్యాలయం ఎర్రగడ్డలో, నగరానికి మరొక కొసన ఉంది. రోగిని తీసుకువెళ్లాలంటే ఇద్దరి దినకూలీ పోతుంది, బస్సు చార్జీలు కావాలి, భాష తెలిసిన మనిషి కావాలి. ఒకసారి వెళ్లి మందులు తెచ్చుకున్నవారు రెండవసారి వెళ్లకపోతే ‘రోగి సహకరించలేదు’ అని రాయడం తేలిక. ఆ దూరాన్ని తగ్గించడం కష్టమైన పని, అదే చేయవలసిన పని.

మన ఇంటి లెక్క

ప్రభుత్వాన్ని, సంస్థలను ప్రశ్నించే హక్కు మనకుంది. అదే కొలబద్దను మన మీద కూడా పెట్టుకోవాలి. రంజాన్ నెలలో బస్తీకి రేషన్ కిట్లు వరుస కడతాయి. ఇచ్చేవారు, తీసుకునేవారు కలిసి ఫొటోలు దిగుతారు. షవ్వాల్ నెల వచ్చేసరికి వీధి నిశ్శబ్దం. జకాత్ పొందదగిన ఎనిమిది వర్గాలలో నిరుపేదలు, అగత్యపరులు, ఇల్లు వాకిలి వదిలిన బాటసారులు ఉన్నారు. రొహింగ్యా కుటుంబం వీటిలో ఎన్నింటి కిందికి వస్తుందో వేరే చెప్పాలా? జకాత్ సొమ్ము నిరుపేద చేతికి చేరాలన్న నియమాన్ని పాటిస్తూనే దానిని రోగి మందులకు, ఎర్రగడ్డ ప్రయాణానికి, పోయిన కూలికి బదులుగా నెలనెలా ఇవ్వవచ్చు. మరుగుదొడ్లు, దీపాలు, నీటి తొట్ల వంటి ఉమ్మడి నిర్మాణాలకు సదఖా, లిల్లాహ్ నిధులు ఉన్నాయి. ఈ విషయంలో ఉలమాల సలహాతో ప్రతి జిల్లా జకాత్ కమిటీ ఒక నిర్ణయం తీసుకోవడం మంచిది.

మనసు బాగా లేని మనిషిని ముందుగా తీసుకువెళ్లేది ఇమాము దగ్గరికో, ఆమిల్ దగ్గరికో. ఇది మనకు, రొహింగ్యాలకు ఉమ్మడి అలవాటు. దుఆ మనసుకు ఊరట. అది మందుకు పోటీ కాదు. మూర్ఛ వచ్చిన బిడ్డను జిన్ను పట్టిందని నెలల తరబడి తిప్పి, చివరికి ఆసుపత్రికి తెస్తే నష్టపోయేది ఆ బిడ్డే. చికిత్స చేయించుకోమని దైవప్రవక్త (స) స్వయంగా బోధించారన్న మాటను జుమా ఖుత్బాలో ఇమాములు చెబితే, పది సదస్సులు సాధించలేనిది సాధ్యమవుతుంది.

చేయవలసినవి

పెద్ద వైద్యులు వస్తే తప్ప మానసిక సేవ సాధ్యం కాదన్న అపోహను ముందుగా వదులుకోవాలి. అంతర్జాతీయ సంస్థలు 2007లో రూపొందించిన మార్గదర్శకాలు ఈ సేవను పిరమిడ్‌గా చూపుతాయి. అడుగున భద్రత, నీరు, ఆహారం, గౌరవం. ఆ పైన కుటుంబం, సమాజం అండ. ఆ పైన శిక్షణ పొందిన సహాయకుల తోడు. శిఖరాన మాత్రమే నిపుణులైన వైద్యులు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన అయిదు విడతల సలహా పద్ధతిని సాధారణ శిక్షణ పొందిన కార్యకర్తలే పెషావర్‌లో అమలు చేయగా, ఆందోళన, దిగులు లక్షణాలు గణనీయంగా తగ్గాయని 2016లో ప్రచురితమైన అధ్యయనం తెలిపింది. పెషావర్ స్త్రీలకు సాధ్యమైనది బాలాపూర్ స్త్రీలకు ఎందుకు సాధ్యం కాదు?

ప్రభుత్వం ముందు మా కోరికలు నాలుగు. రెండు జిల్లాల సరిహద్దులో ఉన్న ఈ బస్తీలకు నీరు, మురుగు, మరుగుదొడ్ల బాధ్యత ఏ అధికారిదో ఉత్తర్వుతో తేల్చాలి. సమీప బస్తీ దవాఖానాలలో వారానికి ఒక రోజు మానసిక వైద్యుడు కూర్చోవాలి. శరణార్థి కార్డును వైద్య నమోదుకు చెల్లుబాటుగా చూడాలని అన్ని ప్రభుత్వ ఆసుపత్రులకు రాతపూర్వకంగా తెలపాలి. 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్ 14416 సేవలో రొహింగ్యా భాష తెలిసిన ఒకరిద్దరినైనా నియమించాలి.

సహాయ సంస్థలు ముఖ్యంగా 2025 నుంచి అంతర్జాతీయ నిధులు కుంచించుకుపోతున్న ఈ కాలంలో ఒక ప్రలోభానికి లోను కాకుండా జాగ్రత్తపడాలి. డబ్బు తగ్గినప్పుడు మొదట కోత పడేది కంటికి కనిపించని మానసిక సేవకే, ఎందుకంటే కిట్ల పంపిణీకి ఫొటో ఉంటుంది, నిద్రపట్టిన రాత్రికి ఫొటో ఉండదు. రొహింగ్యా యువతులలో పదిమందికి శిక్షణనిచ్చి, గౌరవ వేతనంతో దుబాసీలుగా, సహాయకులుగా నిలబెడితే నిధులు తగ్గినా ఆ నైపుణ్యం బస్తీలోనే ఉండిపోతుంది.

మస్జిద్ కమిటీలు తమ వుజూఖానా పక్కన స్త్రీల కోసం చాటైన స్నానపు గది, గడియ ఉన్న మరుగుదొడ్డి, దారికి ఒక దీపం ఏర్పాటు చేయగలవు. దీనికి కోట్లు అక్కరలేదు. కుటుంబాలు చేయగలిగిందీ ఉంది. మన ఇళ్లలోని వైద్య, నర్సింగ్, సామాజిక సేవా విద్యార్థులు నెలకు రెండు ఆదివారాలు కేటాయించి రోగుల వెంట ఆసుపత్రికి వెళితే, వరుసలో నిలబడి ఓపీ చీటీ తీసి ఇస్తే, ఆ చిన్న పనే అనేక చికిత్సలను మధ్యలో ఆగకుండా కాపాడుతుంది. గుంటూరు, కర్నూలు, నిజామాబాద్‌లలోని పాఠకులు దూరంలో ఉన్నామని అనుకోనక్కరలేదు. ఒక రోగి ఏడాది ప్రయాణ ఖర్చును ఒక కుటుంబం భరించవచ్చు.

రొహింగ్యాలు కోరుకునేది బాలాపూర్‌లో శాశ్వతంగా స్థిరపడడం కాదు. హక్కులతో, భద్రతతో అరకాన్‌కు తిరిగి వెళ్లాలన్నదే వారి పెద్దల ఆశ. ఆ రోజు వచ్చేవరకు వారు మన పొరుగువారు. మక్కా నుంచి కట్టుబట్టలతో వచ్చిన ముహాజిర్లను మదీనా అన్సార్లు అక్కున చేర్చుకున్నప్పుడు ఎన్ని కిట్లు పంచామని లెక్క రాసుకోలేదు. తమ ఇల్లు, తోట, పని పంచుకున్నారు, అన్నదమ్ములుగా కలిసిపోయారు. వారి సాయానికి కొలమానం ముహాజిర్ల కుదురుకున్న బతుకే.

ఈ మాసం మేము పాఠకులను కోరేది ఒక్కటే. మీ ఊరి సాయం, మీ సంస్థ సాయం, మీ మస్జిద్ సాయం ఎవరికి చేరిందో వారి దగ్గరికి ఒకసారి వట్టి చేతులతో వెళ్లండి. ఇచ్చేదేమీ లేదని చెప్పి కూర్చోండి. రాత్రి నిద్ర పడుతోందా అని అడగండి. వచ్చే జవాబును దిద్దకుండా రాసుకోండి. వచ్చే ఏడాది ప్రణాళిక ఆ కాగితం నుంచి మొదలుకావాలి.